పదను ఆరకముందే

మా మేనత్త తెల్లవారుజామున పోయిందని బావ ఫోన్ చేశాడు. ఏడవలేదు. "అమ్మ పొయ్యింది. మొన్న రాత్రి ఈడ వాన గూడా పడిండాది" అని రెండు సంగతులూ ఒకే గొంతుతో చెప్పి పెట్టేశాడు.

అనంతపురం నుంచి వజ్రకరూరు దారి పట్టినప్పటి నుంచి నాకు ఒకటే గుబులు. మా ఎర్ర నేలల్లో వాన పడ్డాక విత్తడానికి తగిన తడి రెండు మూడు రోజులే నిలుస్తుంది. ఆ పదను ఆరిందంటే విత్తనం మూటలోనే ఉండిపోతుంది. మన్ను కొట్టుకుపోయి పైకి తేలే వజ్రాలు వెతికేవాళ్లు దిగేదీ ఆ వానకే. మీరు టీవీలో చూసే ఉంటారు. ఒకప్పుడు సద్దిమూటతో బస్సు దిగేవాళ్లు. ఇప్పుడు పిల్లాపాపలతో కార్లలో విహారయాత్రకు వచ్చినట్టు వస్తున్నారు. ఆ రోజు నా ముందూ వెనకా ఆ కార్లే.

అత్తకు వాళ్ల మీద కోపం లేదు. విత్తకముందు చేలోకి ఎవరొచ్చినా నీళ్లిచ్చి, "దొరికితే మీ అదృష్టం. దొరక్కపోయినా తీసిన గుంత పూడ్చి పోండి" అనేది. పూడ్చకుండా పోయేవాణ్ణి రోడ్డు దాకా తరిమేది. అత్త నోరు మంచిదని మాత్రం నేను చెప్పలేను. ఆమె ఎదురైతే ఇంటల్లుళ్లు కూడా పక్క సందులోకి తిరిగేవాళ్లు. ఆ నోటికి జడిసినవాళ్లమే ఇప్పుడు అది లేని ఊరిని తలుచుకుని భయపడుతున్నాం.

ఒక్కసారే అనంతపురంలో మా ఇంటికి వచ్చింది. మాది చెరువు కింది మాగాణిని ప్లాట్లు చేసిన కాలనీ. పొద్దున్నే ట్యాంకరు వస్తే ఆ నీళ్లెక్కడివని అడిగింది. ఊరి బయట ఎవరిదో తోట బోరువి అన్నాను. "మడి మింద ఇల్లు కట్టుకోని, తోట నీళ్లు కొనుక్కోని తాగుతాండారా" అని నవ్వి, అరబకెట్టుతో స్నానం కానిచ్చి, మధ్యాహ్నం బస్సెక్కింది. నాకు ఒళ్లు మండింది. అన్నది నిజం కాబట్టే మండింది.

పోయినేడు గొడవ ఆమె ఇంట్లోకే వచ్చింది. చేను రోడ్డు పక్కనే కదా, కార్లు నిలపడానికి అద్దెకు ఇద్దామని బావ గట్టు తెంపి దోవ తీశాడు. ఏటేటా పంట ఎండబెట్టుకున్న మనిషి, అతన్ని తప్పు పట్టడం నాకు సులువు కాదు. అత్త మాత్రం వద్దని మొత్తుకుంది.

"వాన పడిన నేల బాలింత మాదిరి రా. దాని మింద బరువు మోపొద్దు."

బావ వినలేదు. చక్రాలు తొక్కిన చోట మన్ను బిగుసుకుపోయి గింజ మొలవలేదు. తెగిన గట్టులోంచి మరుసటి వానకు పైమన్ను, వచ్చినవాళ్లు పారేసిన సీసాలతో సహా వంకలో కలిసింది. అప్పటి నుంచి అత్త కొడుక్కి అన్నం పెట్టేది గానీ మాట్లాడేది కాదు. మొన్న వాన పడినప్పుడు కూడా, నేల కాస్త ఆరగానే విత్తే గొర్రు కట్టమని కోడలితోనే చెప్పించిందట.

నేను చేరేసరికి శవం వాకిట్లో ఉంది. ఎండ పెళపెళ కాస్తోంది. శవం లేచేదాకా ఊళ్లో ఎవరూ చేలకు పోరు. లేచాక కూడా మైల ఉన్న ఇంటివాళ్లు విత్తనం ముట్టకూడదు. ఇంతలో ఎవరో ఇద్దరు కార్లు పెట్టుకోవడానికి పోయినేటి దోవ ఎక్కడని అడుగుతూ ఇంటికే వచ్చారు. వాకిట్లో శవాన్ని చూసి వెనక్కి తగ్గారు. అందరం బావ మొహం చూస్తున్నాం. వద్దనే మనిషి ఇక లేదు కదా.

పాడె లేచింది. మా మామ సమాధి చేను పైమూలలో ఉంది. అత్తనూ అక్కడికే తీసుకుపోతారనుకున్నాం. కానీ బావ రోడ్డు దగ్గరే, తాను గట్టు తెంపిన చోట ఆగాడు. పొద్దున్నే మనుషుల్ని పంపి ఆ దోవకు అడ్డంగా గుంత తవ్వించాడు. మొగుడి పక్కన కదా పెట్టాల్సింది అని ఒక పెద్దాయన అన్నాడు.

"నాయన ఏమనుకోడులే. ఈ దోవ నేను తెరిసింటి. అమ్మను ఈడనే పెట్టండి" అన్నాడు బావ. అప్పుడు ఏడ్చాడు.

మన్ను పోసి అందరం స్నానాలకు కదులుతుంటే పక్క చేను మస్తాన్ మామ తన ఎద్దులను అత్త చేలోకి తోలుకొచ్చాడు. రమ్మని ఆయన్ని ఎవరూ అడగలేదు. ఆయన చేనే ఇంకా విత్తలేదు. ఆయన గొర్రు తోలుతుంటే భార్య వెనకే నడుస్తూ గింజ వదిలింది. రోడ్డు మీద ఒక కారు చేలోకి మళ్లబోయి, పూలు చల్లిన పచ్చి మట్టిదిబ్బ ముందు ఆగింది. కాసేపు అలాగే ఉండి, మెల్లగా వెనక్కి పోయింది.