గొలుసు లేని ఏనుగు

మా ఇంట్లో ఏ పెళ్లి జరిగినా పంక్తిలో రెండో వడ్డన పూర్తయ్యేసరికి మా మరిది గొంతు సవరించుకుంటాడు. "మా వదిన అడవి గార్డుతో కొట్లాడి ఏనుగును పోగొట్టిన కత చెప్పల్లా మీకు?" అని మొదలుపెడతాడు. నేను గార్డు చొక్కా పట్టుకున్నాననీ, నా కేకలకు అడవిలోని జంతువులన్నీ కేరళ దాకా పరుగెత్తాయనీ, అందుకే మా పాపకు ఏనుగు దక్కలేదనీ ఆ కథ సారాంశం. ఏటేటా దానికి కొత్త కొమ్ములు మొలుస్తాయి. పోయినేడు ఒక పులి కూడా వచ్చి చేరింది. చేతిలో పాయసం గిన్నె పట్టుకుని ఇరవై ఏళ్లుగా ఈ అబద్ధాన్ని భరించాను. ఇక భరించను. జరిగింది జరిగినట్టు చెబుతాను, తీర్పు మీరే చెప్పండి.

రెండు వేల సంవత్సరం దాటిన ఆ కొత్తల్లో అనంతపురంలో ఎవరి హోదా ఎంతో వాళ్లింట్లో ఉన్న నీళ్ల డ్రమ్ములను బట్టి తెలిసేది. మా వీధి కొళాయికి వారానికోసారి నీళ్లు వస్తే గొప్ప. నేను డిగ్రీలో అర్థశాస్త్రం చదివాను గానీ పొదుపు మాత్రం మా అత్త దగ్గరే నేర్చుకున్నాను. బియ్యం కడిగిన నీళ్లతో గిన్నెలు, గిన్నెలు కడిగిన నీళ్లతో బండలు, ఆ బండల మీది నీళ్లు జారిపోయి కరివేపాకు చెట్టుకు. దుప్పట్లు ఉతకడమంటే మా ఇంట్లో పండగ కన్నా అరుదు.

మూడో తరగతి చదివే మా పాపకు ఏనుగు పిచ్చి పట్టింది. అప్పుడప్పుడు మా వీధిలోకి అడుక్కోవడానికి ఒక ఏనుగును తోలుకొచ్చేవాళ్లు. కాలికి లావుపాటి గొలుసు. "గొలుసు ఎందుకుమా?" అంది పాప. లేకుంటే పారిపోతుందన్నాను. "పారిపోయి యాడికి పోతాది?" అడవికి, అన్నాను. (బుద్ధి లేకుండా.) ఆ రోజు నుంచి గొలుసు లేని ఏనుగును చూడాలని ఒకటే పోరు. మా ఆయన ఒక బలహీన క్షణంలో చూపిస్తానని మాటిచ్చాడు. పాప ఆ సంగతి క్లాసంతా చాటింది. "చూసొచ్చి అందరి ముందర నిలబడి చెప్పాల" అని వాళ్ల టీచరు తేల్చేసింది. ఇక వెళ్లక తప్పదు, ఏనుగు కనబడకా తప్పదు.

మైసూరు అవతలి అడవికి పోదామని మా మరిది తన జీపు తెచ్చాడు. మా అత్త రెండు బిందెల నీళ్లకు మూతి గుడ్డలు కట్టి జీపెక్కించింది. అడవికి నీళ్లు ఎందుకత్తా అంటే "పరాయి ఊరి నీళ్లు ఎట్లుంటాయో ఏమో" అంది. మైసూరు చేరేదాకా ప్రతి గతుక్కీ నా ఒళ్లో ఒక గ్లాసు నీళ్లు ఒలికాయి. బిందెలతోపాటు ఒక పెద్ద మూట కూడా ఎక్కించింది. పరుపులనుకున్నాను. రాత్రి సత్రంలో పడుకుని మర్నాడు బయలుదేరి, మధ్యాహ్నం జొన్నరొట్టెలు తినడానికి అడవికి ముందు ఒక ఏటి గట్టున ఆగాం. అక్కడే కొంప మునిగింది.

ఏరు నిండుగా పారుతోంది. మా అత్త గట్టు మీద నిలబడి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. "ఇన్ని నీళ్లు! అడిగేవాళ్లే లేరా?" అంది. తర్వాత వెళ్లి మూట విప్పింది. లోపల ఇంట్లోని మాసిన దుప్పట్లు, వాకిలి తెరలు, వాటి మధ్యన బట్టల సబ్బు! అంటే ముందే వేసిన పథకం!

"అత్తా, మనం వచ్చింది ఏనుగు కోసం."

"ఏనుగు యాడికి పోతాదిమ్మా? అడవిలోనే గదా ఉండేది. ఈ నీళ్లు పోతాండాయి సూడు!"

నేనూ అర్థశాస్త్రం చదివినదాన్నే. ఊరుకోలేదు. అడవి లోపలికి తీసుకెళ్లే ఆఖరి వ్యాను నాలుగున్నరకనీ, పిల్ల క్లాసులో ఏం చెప్పాలనీ గంటకు పైగా వాదించాను. మా ఆయన చొక్కా విప్పి ఏట్లో గొంతు దాకా దిగి, ఎనుములా కళ్లు మూసుకుని కూర్చున్నాడు. మా మరిది జీపును నాలుగు చక్రాలూ మెరిసేలా కడిగాడు. (ఈ ముక్క ఆయన కథలో ఒక్కసారి కూడా రాలేదు.) నేనా? దాచనెందుకు, వాదిస్తూనే దుప్పటి రెండో కొస పట్టుకుని పిండాను. అన్ని నీళ్లు కాళ్ల మీదుగా పోతుంటే చేతులు నా మాట వినలేదు. మధ్యలో పాప నా కొంగు పట్టి లాగితే "ఉండవే, మాట్లాడతాండా గదా!" అని కసిరాను.

అడవి గేటు దగ్గరికి వెళ్లేసరికి నాలుగూ ముప్పావు. జీపు పైన దుప్పట్లు, వెనక తెరలు, కమ్మీకి కట్టిన మా అత్త ఎర్రచీర జెండాలా ఎగురుతోంది. గార్డు జీపు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి "ఏనమ్మా, మీరు అడవి చూడ్డానికి వచ్చినారా, బట్టలు ఆరేసుకోడానికి వచ్చినారా?" అన్నాడు. వ్యాను వెళ్లి పావుగంట అయిందట. అప్పుడు కొట్లాడాను. అవును, కొట్లాడాను! చొక్కా మాత్రం పట్టుకోలేదు. అయ్యా, వెళ్లిపోయిన వ్యాను కోసం కొట్లాడినదాన్ని వ్యానును పోగొట్టినదాన్ని ఎలా అవుతాను? మర్నాడు మళ్లీ వద్దామంటే మా ఆయనకు సెలవు లేదు. దారి పొడుగునా నేను అందరినీ తిడుతూనే ఉన్నాను. పాప మాత్రం ఏడవలేదు. తడి దుప్పటి మీద తల పెట్టి నిద్రపోయింది.

సోమవారం పిల్లను బడికి పంపాలంటే నాకే భయమేసింది. సాయంత్రం టీచరు ఎదురొచ్చి "మీ పాప ఏనుగు గురించి ఎంత బాగా చెప్పిందో!" అంది. ఇంటికొచ్చి నిలదీశాను.

"యాడ చూసినావే ఏనుగును? అబద్ధాలు నేర్చినావా?"

"ఏటి అవతల గట్టుకు వచ్చింది గదా. ఒక చెవి చిరిగుండె. అవ్వ ఎర్రచీర జాడిస్తాంటే అట్లే చూస్తా నిలబడుకోనింది. నీళ్లు తాగి పోయింది."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"కొంగు పట్టి లాగినా గదా. నువ్వు అవ్వతో కొట్లాడతాంటివి." నన్ను ఓదారుస్తున్నట్టు అంది: "కాలికి గొలుసు లేదుమా."

ఈ ముక్క నేను ఇంతవరకూ ఏ పంక్తిలోనూ చెప్పలేదు. చెబితే మా మరిది కథకు బలం చేకూరుతుందని. ఇప్పుడు ఏ దుప్పటి పిండుతున్నా ఎవరో కొంగు లాగినట్టుంటుంది. తిరిగి చూసి నవ్వుకుంటాను, వెనక ఎవరూ ఉండరు. మా పాపను అడిగితే ఈనాటికీ నవ్వి మాట తప్పిస్తుంది. ఆ రోజు అవతలి గట్టు వైపు మొహం పెట్టి కూర్చున్న పెద్దమనిషి మా ఆయన ఒక్కడే. ఆయన కళ్లు మూసుకున్నానంటాడు. ఇంతమందిలో నాకు నిజం చెప్పేవాళ్లు ఒక్కరైనా ఉన్నారా: ఆ ఏనుగు నిజంగా వచ్చిందా, లేక ఎనిమిదేళ్ల పిల్ల మా అందరి పరువూ కాపాడిందా?