ఆపరేషన్ ముందు రోజు వచ్చిన కల్లు సీసా

ఆ రోజు మా ఆయన బోధన్ నుంచి స్కూటర్ మీద వస్తూ నిద్రపోయాడు. పట్టపగలు, హ్యాండిల్ పట్టుకునే నిద్రపోయాడు. చెరకు బండ్ల వాళ్లు కాలువ గట్టు మీద పడి ఉన్నవాణ్ణి లేపి ఇంటికి తెచ్చారు.

అప్పటికే మనిషి బాగా లావెక్కాడు. గురక పెడుతూ పెడుతూ ఊపిరి ఆగిపోయేది. నేను కుదిపితే మళ్లీ తీసుకునేవాడు. నిజామాబాద్ డాక్టర్ హైదరాబాద్‌కు పంపాడు. అక్కడ స్లీప్ స్టడీ చేసి, "సివియర్ స్లీప్ ఏప్నియా. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకోండి" అన్నారు.

మత్తు డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "ఒపియాయిడ్స్ అంటే మార్ఫిన్ లాంటి నొప్పి మందులు. వాటితో ఇలాంటి పేషెంట్‌కు ఊపిరి మందగించొచ్చు. అందుకే ఒపియాయిడ్ ఫ్రీ అనస్థీషియా ఇస్తాం. నొప్పికి వేరే మందులున్నాయి."

"కోస్తుంటే తెలివొస్తే ఎట్ల మేడం?"

"పూర్తి మత్తులోనే ఉంటాడమ్మా."

నమ్మాను గానీ, అదే మాట ఇంకో రెండుసార్లు అడిగాను.

ఆపరేషన్ ముందు రోజు కోటగిరి నుంచి మా ఆయన తండ్రి, మా మామ వచ్చాడు. నేను ఎక్స్‌రే తీసుకుని వచ్చేసరికి మా ఆయన మూతి తుడుచుకుంటున్నాడు. వార్డంతా కల్లు వాసన.

"ఇదేంది మామా?"

"పోరడు భయపడ్తుండు బిడ్డా. రోజు తాగేదే గద. కమ్మగ పంటడని తెచ్చిన."

మా దిక్కు కల్లును తాగుడు కింద లెక్కపెట్టరు. తాగే అలవాటుందా అని డాక్టర్లు అడిగితే ఇంటిల్లిపాదీ లేదన్నాం. కొన్ని దుకాణాల్లో కల్లులో మత్తు పొడి కలుపుతారని మాత్రం మా ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు.

"నేను పోయి డాక్టరమ్మకు చెప్త" అన్నాను. మామ నా చేయి పట్టుకున్నాడు.

"చెప్పకు బిడ్డా! ఆపరేషన్ ఆపుతరు. మల్ల రమ్మంటె వాడు రాడు."

అదీ నిజమే. ఆపితే మళ్లీ వస్తాడా? చెప్పకపోతే రేపు లేస్తాడా? ఏడుస్తూనే పోయి చెప్పాను.

డాక్టరమ్మ ముఖం మారిపోయింది. "ఊపిరి మందగించే మందు మేం వద్దనుకుంటే, మీరు సీసాలో తెచ్చి పోశారా! నాకు తెలియకపోతే ఏమయ్యేది?"

ఆపరేషన్ వాయిదా పడింది. కల్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చని మందులిచ్చి మెల్లగా మాన్పించారు. చేతులు వణికేవి, చెమటలు కారేవి. ఇంటికి పోతానని లొల్లి పెట్టాడు, నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్టనీ, ఊపిరుందిగా అనుకున్నాను.

చివరికి ఆపరేషన్ జరిగింది. రికవరీ రూంలో ఆయన ఛాతీ వైపే చూస్తూ నిలబడ్డాను. కళ్లు తెరిచి, "దూప అయితుందే, నీళ్లియ్యి" అన్నాడు. అంత మంచి మాట నేను ఇంతవరకూ వినలేదు.

ఇప్పుడు బరువు తగ్గి సగం మనిషయ్యాడు. గురక లేదు. ఆ నిశ్శబ్దానికే భయమేసి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంటాను. "బతికే ఉన్ననే, పండుకోనియ్యి" అని విసుక్కుంటాడు.

ఒక్కటే చెబుతాను. మత్తు డాక్టర్ అడిగినా, అడగకపోయినా కల్లు సంగతి చెప్పండి. సిగ్గుపడాలంటే మనిషి లేచి కూర్చున్నాక పడొచ్చు.