పరీక్షల దాకా ఒక్క పూట

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంతో బళ్లు మూతపడ్డాక, మా క్రైస్తవ సంఘం పిల్లలను దిల్‌సుఖ్‌నగర్ ప్రార్థన మందిరంలో కూర్చోబెట్టి చదివించేదాన్ని. నేను పాఠాలు చెప్పే బడికి కూడా తాళమే. మలక్‌పేట వైపు నుంచి నినాదాలు వినబడితే కిటికీలు మూసేవాళ్లం. పాఠం మాత్రం ఆపలేదు.

చదివిన పుస్తకం మూసెయ్యాలి, చూడకుండా రాయాలి, రాసింది మళ్లీ పుస్తకంతో సరిచూసుకోవాలి. ఇదే నా పద్ధతి. బైబిల్లోని బంగారు వాక్యాలు కంఠస్థం చేసిన పిల్లలు కదా, అప్పజెప్పడంలో దిట్టలు. ప్రశ్న కాస్త తిప్పి అడిగితే చాలు, కలం ఆగిపోయేది. అందుకని తిప్పి తిప్పి అడిగేదాన్ని.

వాళ్లలో మెట్రిక్ రాయాల్సిన పిల్ల ఒకతె ఉండేది. తండ్రి మేస్త్రీ. తల్లి తట్ట మోసేది. నల్లగొండ పల్లె నుంచి వచ్చి, ఇప్పుడు ఎల్‌బీ నగర్ అంటున్న వైపు గుడిసె వేసుకున్నారు. ఆ ఏడు పిల్ల పాసైతే నర్సు ట్రైనింగుకు తీసుకుంటానని ఒక మిషన్ దవాఖాన డాక్టరమ్మ మాట ఇచ్చింది. తప్పితే తల్లి పక్కన తట్ట మోయడమే.

పరీక్షలు దగ్గర పడ్డాయనగా, ఒక ఆదివారం, సంఘం ముందు ఒక్కొక్కరు లేచి దేవుడి మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ ఆ పిల్ల లేచి నిలబడింది.

"పరీక్షలు ఒడిసేదాంక ఒక్క పూటనే తింట. ప్రభువుకు మొక్కుబడి చేసుకున్న."

వెనక వరుసలోంచి తండ్రి "ఆమేన్!" అన్నాడు. మందిరమంతా మోగింది. ఆయన ముఖం వెలిగిపోతోంది.

బయట చెప్పులు వేసుకుంటూ ఆడవాళ్లు పరాచికాలాడారు. "నర్సమ్మకు గిప్పటి సందే పత్యం సురువైంది!" పిల్ల కూడా నవ్వింది. ఎన్నాళ్ల మాటలే అనుకున్నాం అందరం.

పరీక్షలు వాయిదా పడ్డాయి. మళ్లీ తేదీ ఇచ్చారు, మళ్లీ వాయిదా. రోడ్ల మీద రాళ్లు, కాల్పులు. చనిపోయిన పిల్లల తల్లుల కోసం మోకాళ్ల మీద ఏడ్చి ప్రార్థించాం. ఆ పిల్ల మొక్కుబడికి మాత్రం వాయిదా లేదు. పొద్దుటి జొన్న గటక తప్ప నోట్లో మరేమీ పడేది కాదు.

ఎండలు ముదిరాయి. వడ్డీ లెక్కలు చకచకా చేసే పిల్ల, గుణకారంలో తడబడటం మొదలుపెట్టింది. "చేతిల మూడు" అని పైకే అనుకునేది. పక్క అంకెకు పోయేసరికి, చేతిలో ఉంచుకున్న ఆ మూడు ఎటు పోయిందో తెలియక నా ముఖం చూసేది.

"ఒక్క బుక్క తిను బిడ్డా," అని తల్లి బతిమాలేది. "దేవుడేమన్న నీ పళ్లెంలకు తొంగి సూస్తడా?"

"సూస్తడమ్మా."

ధర్మశాస్త్రంలో మొక్కుబడుల గురించి చెప్పిన చోట ఒక సంగతి ఉంది. తండ్రి ఇంట ఉన్న పిల్ల మొక్కుకుంటే, తండ్రి విన్న దినానే వద్దంటే, అది చెల్లదు. పిల్ల మీద దోషం ఉండదు. ఆలస్యమైనా దారి దొరుకుతుందేమోనన్న ఆశతోనే మేస్త్రీని మా పాస్టరు దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన్ని అందరం అయ్యగారనే వాళ్లం. అయ్యగారు బైబిలు తెరవనే లేదు.

"ఆ దినం నువ్వు మందిరంలనే ఉన్నవు గద?"

"ఉన్న అయ్యగారు."

"బిడ్డ మాట ఇని ఏమన్నవు?"

మేస్త్రీ తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "ఆమేన్ అన్న."

"గా దినమే వద్దంటే అయిపోతుండె గదనయ్యా. ఆమేన్ అంటివి. ఇగ విడిపిచ్చెటందుకు నేనెవణ్ని?"

చివరికి పరీక్షలు జరిగాయి. ఆఖరుది లెక్కలు. మలక్‌పేటలో పరీక్ష రాసే బడి గోడ పక్కన నేనూ తల్లీ నిలబడ్డాం. తల్లి కొంగు కింద అన్నం గిన్నె. గంట మోగాక, అందరూ పోయిన తర్వాత పిల్ల గోడ పట్టుకుని వచ్చింది. తల్లి అక్కడే నీడలో కూర్చోబెట్టి ముద్ద కలిపి నోట్లో పెట్టింది.

"నువ్వు చెప్పినట్టే చేసిన టీచరమ్మా," అంది నమలడం ఆపి. "పేపరంత సదివిన. ఒచ్చినయి ముందు మొదలువెట్టిన. చేతిల అంకెలే నిలువలే."

లెక్కల్లో తప్పింది. డాక్టరమ్మ ఆ చోటు ఇంకొకరికి ఇచ్చింది. వానలు మొదలయ్యాక చంపాపేట్‌లో, కడుతున్న ఒక ఇంటి ముందు ఆ పిల్లను చూశాను. తల మీద ఇసుక తట్ట. పైన తండ్రి గోడ కడుతున్నాడు. నన్ను చూసి తాపీ ఆపాడు, మళ్లీ గోడ వైపు తిరిగాడు. ఆ తర్వాత మందిరంలో ప్రార్థన ముగిసి అందరం ఆమేన్ అంటుంటే, ఆయన పెదాలు కదలడం నేను చూడలేదు.

ప్రభువు కఠినుడని నేనెన్నడూ అనుకోలేదు. పిల్లల తొందరపాటు ఎరిగినవాడు కనుకనే, తండ్రి వద్దనగలిగే ఆ ఒక్క తలుపు తెరిచిపెట్టాడు. అది ఆ పొద్దు గూకేదాకానే. ఇప్పటికీ పరీక్షల ముందు ఏ పిల్లైనా సాక్ష్యానికి లేస్తే, నా కళ్లు వాళ్ల నాన్న ఎక్కడ కూర్చున్నాడో వెతుకుతాయి.