ముక్కుతో కూర్చిన పేజీలు

ప్రెస్సులో ఆమెను అందరూ టకటకమ్మ అనేవారు. మేడ మీది గదిలో ఆమె టైపు చేస్తుంటే ఆ చప్పుడు కింద అచ్చుయంత్రం దగ్గరున్నవాళ్లకు కూడా వినిపించేది. అది ఆగిందంటే టీ వేళయిందని వాళ్లకు గుర్తు. ఆమె కీబోర్డు వైపు చూసేది కాదు. కళ్లు రాతప్రతి మీద, వేళ్లు కీల మీద, నోరు పక్కవాళ్ల కబుర్లలో. మూడూ ఒకేసారి నడిచేవి.

ఒక వానాకాలం ప్రూఫులు పట్టుకుని దిగుతూ ఇనుప మెట్ల మీద కాలు జారింది. కిందపడి కూడా, "నాకేం నొప్పిలేదు, ముందు ఆ కాగితాలు తడవకుండా తీయండి" అందట. నొప్పి లేకపోవడమే అసలు ప్రమాదమని ఆసుపత్రికి వెళ్లాక తెలిసింది. మెడ ఎముక విరిగి లోపలి నరాలు నలిగిపోయాయి. ప్రాణం దక్కింది. మాట్లాడగలదు, తల కొద్దిగా తిప్పగలదు. భుజాల కిందనుంచి ఏదీ ఆమె మాట వినదు.

భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పొద్దున్నే ఆమెకు ఒళ్లు తుడిచి, బట్టలు మార్చి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, తలకు అటూ ఇటూ దిండ్లు సర్ది పనికి వెళ్తాడు. సాయంత్రం దాకా అత్తగారే ఆమెకు చేతులు. గుక్కెడు నీళ్లు కావాలన్నా, చెంప మీద వాలిన ఈగను తోలాలన్నా పిలవాల్సిందే. అత్తగారు విసుక్కునే మనిషి కాదు. అదే ఆమెకు మరీ కష్టంగా ఉండేది. కాసేపు పోట్లాడి మనసు తేలిక చేసుకునే వీలు కూడా లేదు.

ప్రెస్సు యజమాని ఆమె వాడిన పాత కంప్యూటర్‌నే ఇంటికి పంపించాడు. వ్యాయామం చేయించడానికి వచ్చే ఫిజియోథెరపిస్టు దానికి చిన్న కెమెరా తగిలించి, ముక్కు కదలికను పట్టుకునే ప్రోగ్రామ్ ఒకటి ఎక్కించింది. ముక్కు ఎటు తిరిగితే తెర మీద బాణం అటు పోతుంది. అక్కడే అఆఇఈల వరసలో కనిపించే తెలుగు అక్షరాల్లో ఒకదాని మీద బాణాన్ని కాసేపు నిలిపితే, దాన్ని నొక్కినట్టే. మొదట్లో బాణం తాగినవాడిలా తూలేది. ఆమె తుమ్మితే వెళ్లి మూలలో పడేది. ముక్కు దురద పెట్టినరోజు పని గోవిందా.

"లోకమంతా పక్కవాళ్ల పనుల్లో ముక్కు దూరుస్తుంది అత్తయ్యా. నేను నా పనిలోనే దూరుస్తున్నా," అందొకసారి. అత్తగారు పడీపడీ నవ్వింది.

కొన్ని నెలలకు, రోజంతా పట్టినా సరే, ఒక పేజీ తప్పుల్లేకుండా రావడం మొదలైంది. భర్త ప్రెస్సుకు వెళ్లి ఆ సంగతి చెప్పాడు. యజమాని ఒక బడి వార్షిక సంచికలోని కొన్ని పేజీలు టైపు చేయమని పంపాడు. వారాల తరబడి ఆమె మెడ పట్టేసేదాకా కూర్చుని వాటిని పూర్తి చేసింది. అవి ఫలానా మధ్యాహ్నానికి ప్రెస్సుకు అందాలి, సాయంత్రం అచ్చుకెక్కుతాయి.

ఆ మధ్యాహ్నం ఆఖరుసారి చదువుకుని, పంపబోతుండగా తెర నల్లబడింది. అప్‌డేట్ జరుగుతోంది, ఆపవద్దు అని రాసి వచ్చింది. చాలాసేపటికి మళ్లీ తెరుచుకుని పాస్‌వర్డ్ అడిగింది. రోజూ పొద్దున్నే భర్త అది కొట్టి వెళ్లేవాడు. ముక్కు ప్రోగ్రామ్ లేచేది పాస్‌వర్డ్ కొట్టాకే. అందాకా ఆమె ముక్కు ఉత్త ముక్కే.

"అత్తయ్యా, ఒక్కసారి రండి!"

"నీళ్లా?"

"కాదు. ఆ కీబోర్డు తీసి, నేను చెప్పే అక్షరాలు నొక్కండి. మొదట ఎమ్."

అత్తగారికి ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. మందు సీసాల మీద పేర్లు కూడబలుక్కుని చదువుతుంది. కీబోర్డు ఒళ్లో పెట్టుకుని, కళ్లజోడు సవరించుకుని కాసేపు చూసింది.

"అమ్మాయ్, దీని మీద అక్షరాలేవీ?"

ఏళ్ల తరబడి కోడలి వేళ్లే వాటిని అరగదీశాయి. మూలల్లో ఒకటీ అరా తప్ప కీలన్నీ నున్నగా ఉన్నాయి.

"పోనీ, ఎక్కడుంటుందో చెప్పు, నొక్కుతా."

ఆమె నోరు తెరిచింది. ఎమ్ ఎక్కడుంటుంది? ఏనాడూ వెతుక్కున్నది కాదు. అది తెలిసింది వేళ్లకే. ఆ వేళ్లు ఒళ్లో ఎవరివో అన్నట్టు పడి ఉన్నాయి. కళ్లు మూసుకుని టైపు చేస్తున్నట్టు ఊహించుకోబోయింది. ఊహలో కూడా అవి కదల్లేదు.

"కింది వరసలో... కుడివైపనుకుంటా."

"ఇదా?"

"దాని పక్కది. కాదు, ఇటుపక్కది."

"ఇటంటే ఎటే తల్లీ?"

నొక్కినప్పుడల్లా తెర మీద చుక్క పడుతోందే గానీ, ఏ అక్షరం పడిందో తెలియదు. తప్పు అంది కంప్యూటర్. మళ్లీ కొట్టారు. మళ్లీ తప్పంది. చివరికి కొన్ని గంటలదాకా ఇక కొట్టనివ్వకుండా తాళం వేసుకుంది. భర్తకు ఫోన్ చేస్తే అందుబాటులో లేడని వచ్చింది. లిఫ్టు గోతిలోకి దిగితే అంతే. అత్తగారు పక్కింటికి పరుగెత్తింది. తాళం వేసి ఉంది.

అంతలో యజమానే ఫోన్ చేశాడు. అత్తగారు దాన్ని ఆమె చెవి దగ్గర పట్టుకుంది.

"ఏమ్మా, పంపావా?"

"అయిపోయింది సార్. మొత్తం అయిపోయింది. లోపలుంది. మా ఆయన రాగానే..."

"ఎప్పుడొస్తాడు?"

"చీకటిపడే వేళకి."

ఆయన వెనకాల అచ్చుయంత్రం నడుస్తున్న చప్పుడు.

"పర్లేదమ్మా, ఇక్కడ కొట్టించేస్తాలే. గంట పనేగా. నువ్వేం మనసులో పెట్టుకోకు."

అత్తగారు ఫోన్ దించింది. "కోప్పడ్డాడా?"

"లేదు."

"మంచి మనిషి."

"అవును. కళ్లు తుడవండత్తయ్యా, చూపు మసకేస్తోంది."

సాయంత్రం భర్త వచ్చి పాస్‌వర్డ్ కొట్టాడు. పేజీలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. "ఏం పోలేదుగా!" అన్నాడు సంతోషంగా. మర్నాడే పాస్‌వర్డ్ తీసేయించాడు. కీల మీద అక్షరాలు అంటించాడు. "ఇంకెప్పుడూ ఇలా కాదులే," అన్నాడు. నిజమే, మళ్లీ ఎప్పుడూ అలా కాలేదు. పనీ మళ్లీ రాలేదు.

కొన్నాళ్లకు యజమాని ముందే ఫోన్ చేసి, చూడటానికి వచ్చాడు. పళ్లు తెచ్చాడు. కాగితం ధరలు మండిపోతున్నాయన్నాడు, ప్రెస్సు మెట్లకు కాలు జారకుండా కొత్త రబ్బరు పట్టా వేయించానన్నాడు. పని మాట ఎత్తలేదు. ఇవ్వండని అడగాలని ఆమె పొద్దుటినుంచీ అనుకుంటూనే ఉంది. అడిగితే ఆయన కాదనలేడు. జాలిపడి ఇస్తాడు, వెనకాల ఇంకెవరిచేతో మళ్లీ కొట్టిస్తాడు. అది తెలిసి నోరు రాలేదు.

ఆయన లేచాడు. సాగనంపడానికి అత్తగారూ లేచింది. వాళ్లు గుమ్మం దాటుతుండగా ఆమె తల పక్క దిండు జారింది. తల మెల్లగా గోడవైపు ఒరిగిపోయింది. దాన్ని తిరిగి నిలబెట్టే బలం ఆ మెడకు లేదు. పిలిస్తే ఆయన కూడా వెనక్కి వచ్చి చూస్తాడు. ఆమె పిలవలేదు. గేటు దగ్గర ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మాటలు సరిగ్గా అందడం లేదు గానీ, మధ్యమధ్యలో "పాపం" అన్న మాట మాత్రం స్పష్టంగా వినిపిస్తోంది. గోడకు చెంప ఆనించి, అత్తగారు లోపలికి వచ్చేదాకా అలాగే ఉండిపోయింది.