"పసిబిడ్డలా చూడండి" అన్న మాట

నా ఉద్యోగ జీవితంలోని ఒక మరణం రోగుల రిజిస్టరులో "మృతి" అన్న ఒక్క మాటగా మిగిలింది. కారణం గడిలో "శ్వాస ఇబ్బంది" అని వ్రాశాను. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఇళ్ళలో పిట్టలను పెంచేవారు ఇటీవల ఎక్కువయ్యారు కనుక మిగిలిన నిజాన్ని ఇక్కడ వ్రాస్తున్నాను.

పదవీ విరమణకు ముందు ఏడాది నేను బందరులో సహాయ సంచాలకుడిని, అంటే మండల పశువైద్యులపై అధికారిని. అంతకుముందు సర్వీసంతా బంటుమిల్లి, గూడూరు గేదెల మధ్యే గడిచింది. మా చదువులో పక్షి అంటే కోళ్ళఫారమే. వెయ్యి కోళ్ళకు నీళ్ళలో మందు కలపడం నేర్పారు, ఒక్క పిట్టను పట్టుకోవడం నేర్పలేదు.

ఒక తుఫాను ముసురులో ఖాదర్ బాషా అనే రోల్డుగోల్డు పనివాడు తన తల్లి జైతూన్‌బీని, పంజరంలో కాకటీల్ పిట్టను వెంటబెట్టుకొని మా పశువుల ఆసుపత్రికి వచ్చాడు. రామచిలుక కన్నా చిన్న పిట్ట. తలమీద కుచ్చు, బుగ్గలమీద నారింజ చుక్కలు. రెండు రోజులుగా గింజ ముట్టలేదు. ఈకలు ఉబ్బించుకొని ముడుచుకు కూర్చుంది. పిట్టలు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి, బయటపడిందంటే ఆలస్యమైనట్టే.

జైతూన్‌బీకి చూపు బాగా తగ్గింది. పగలంతా ఇంట్లో ఒక్కతే ఉంటుంది. గేటు తెరుచుకుంటే ఈ పిట్ట ఈల వేస్తుంది, కొడుకైతే ఒక తీరున, పరాయివాళ్ళైతే మరో తీరున.

"ఇది పిట్ట కాదండీ డాక్టరు గారూ, నా కళ్ళజోడు," అందావిడ.

ఖాదర్ నగలు తూచే తన పని తక్కెడ కూడా తెచ్చాడు. పిట్టను గుడ్డలో చుట్టి తూచి, బరువును బట్టి మోతాదు కట్టి, ముక్కు పక్కనుంచి మందు చుక్కలు వేశాను. వేడి కూడా మందే అని నాకు తెలుసు. పంజరానికి ఒక పక్క మాత్రమే నలభై వాట్ల బల్బు పెట్టి, రెండో పక్క చల్లగా వదలాలని చెప్పవలసింది. బయట రైతులు వేచి ఉన్నారు. "వెచ్చగా ఉంచండమ్మా, పసిబిడ్డలా చూడండి" అని ముగించాను.

ఆవిడ నవ్వింది. "అయిదుగురిని పెంచానండీ. పసిబిడ్డ సంగతి మీరా నాకు చెప్పేది?"

మర్నాడు ఉదయం ఆఫీసుకు వెళ్తూ వారింటి దగ్గర ఆగాను. గేటు తీశాను. ఈల వినపడలేదు.

"ఎవరండీ?" అని లోపలినుంచి జైతూన్‌బీ కేక వేసింది.

గుమ్మంలోనే సాంబ్రాణి వాసన ముఖానికి కొట్టింది. పంజరంమీద దుప్పటి, దాని కింద నిప్పుల కుంపటి. స్నానం చేయించిన పసిబిడ్డకు పొగ వేసే పద్ధతి అది. దుప్పటి లాగేశాను. పిట్ట అడుగున పడి, నోరు తెరిచి ఎగశ్వాస తీస్తోంది. పిట్టలకు ఊపిరితిత్తులతోపాటు ఒంటినిండా గాలి సంచులుంటాయి; పొగ వాటికి విషం. దాన్ని చేతిలోకి తీసుకొని వరండాలోకి పరుగెత్తాను. అరచేతిలోనే ప్రాణం పోయింది.

గొంతు కింద ఆహారపు సంచిని వేలితో తడిమి చూశాను. నిండుగా కొర్రలు తగిలాయి.

"పొద్దున్నే తిందండీ," అంది జైతూన్‌బీ, ఇంకా ఏమీ కనపడక. "మీ మందు పనిచేసింది."

అప్పుడే బయటినుంచి వచ్చిన ఖాదర్ తల్లిమీద విసుక్కున్నాడు. "పొగ ఎందుకు వేశావమ్మా?"

"నీకు వెయ్యలేదూ? పసిబిడ్డలా చూడమని ఆయనే కదా చెప్పారు!"

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. మందు దాన్ని బతికించింది, నా మాట చంపింది. తప్పు నాదేనని ఖాదర్‌కు అక్కడే చెప్పాను. ఆవిడ చెయ్యి చాచి, "ఒకసారి ఇవ్వండి," అంది.

ఆ తరువాత నేను ఎవరికీ పోలికలు చెప్పలేదు. ఏ బల్బు, ఎంత దూరం, ఎన్ని గంటలు అని చీటీలో వ్రాశాను. "పొగ, ధూపం, అగరువత్తి, దోమల చుట్ట దగ్గర ఉంచరాదు" అని కింద గీత గీశాను. వ్రాసినది ఇంటివారిచేత తిరిగి చెప్పించుకున్నాను.

పక్షివైద్యం తెలిసిన పాఠకులు ఇందులో నా పొరపాట్లుంటే దిద్దవలసిందిగా కోరుతున్నాను. మందు సంగతి తరువాత చూడవచ్చు; ముందు నా మాటలను దిద్దండి.