ప్రార్థన అమ్మాయి

తొంభైల్లో విజయవాడలో సభలకు కొదవ లేదు. నాటకాల పోటీలు, నృత్యోత్సవాలు, సంగీత కచేరీలు, చిత్రకళా ప్రదర్శనలు, సన్మానాలు. వాటిలో చాలావాటికి నేను వెళ్లాను. ఒక్కటీ చూడలేదు. నేను ప్రార్థన పాడే అమ్మాయిని.

ఈ ఉద్యోగం నాకెలా అంటుకుందో చెప్తాను. మా నాన్న వన్ టౌన్‌లో ఒక కాగితాల హోల్‌సేల్ కొట్లో గుమాస్తా. ఆ కొట్టు యజమానే ఊళ్లో ఒక కళాసమితికి కార్యదర్శి. నాకు పదేళ్లున్నప్పుడు, రావలసిన గాయనికి జ్వరం వచ్చిందని, “మీ పాప పాడుతుందంటగా, సాయంత్రం తీసుకురావయ్యా” అన్నారాయన. నాన్న తీసుకెళ్లాడు. జ్వరం వచ్చినావిడకి ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ కబురు వెళ్లలేదు. ఆవిడ అదృష్టవంతురాలని నాకు చాలాసార్లు అనిపించింది.

కార్యదర్శిగారికి ప్రార్థన విషయంలో రెండు నియమాలుండేవి. పాడుతున్నంతసేపూ హాలంతా లేచి నిలబడాలి. నిలబడ్డవాళ్ల మోకాళ్లు నొప్పి పుట్టకముందే పాట అయిపోవాలి. అందుకని ఆయన స్టేజీ పక్కన నిలబడి, అనుపల్లవి సగంలో ఉండగానే చూపుడువేలు గాలిలో గిరగిరా తిప్పేవారు. ముగించమని. కీర్తనకు పల్లవి, అనుపల్లవి అయ్యాక చరణం ఉంటుంది. అసలు పాటంతా అందులోనే ఉంటుంది. నా పాటలకు చరణం ఉండేది కాదు. ఆ వేలు తిరగ్గానే మళ్లీ పల్లవి అందుకుని, చేతులు జోడించి, పక్కమెట్ల మీదుగా దిగిపోయేదాన్ని. ఎవరో నా చేతిలో ఓ స్వీటూ కాస్త మిక్చరూ ఉన్న పొట్లం పెట్టి, “ఇంక నువ్వెళ్లొచ్చమ్మా” అనేవారు.

వెళ్లకపోతే ఎక్కడ కూర్చుంటాను? ముందు వరుసలు ఆహ్వానితులవి. వెనక వరుసల్లో ఆడపిల్ల ఒక్కతే కూర్చోవడం నాన్నకి ఇష్టం ఉండేది కాదు. కూచిపూడిలో నృత్యోత్సవాలకి ఏటా తీసుకెళ్లేవారు. స్టేజీ వెనక గజ్జెలు కట్టుకుంటున్న పిల్లల్ని చూసేదాన్ని, వాళ్ల కాళ్లకి పారాణి చూసేదాన్ని. దీపం వెలిగించగానే, ఆఖరి బస్సు వెళ్లిపోతుందని నాన్న చెయ్యి పట్టుకు లాక్కొచ్చేవాడు. మీ ప్రాంతం డాన్సు ఎలా ఉంటుందని మా కాలేజీకి బయటినుంచి వచ్చిన లెక్చరరు అడిగితే, గజ్జెలు బరువుగా ఉంటాయండీ అని మాత్రం చెప్పగలిగాను. మైలవరంలో నాటకాల పోటీలప్పుడైతే ముఖ్య అతిథి కారు దారిలో ఆగిపోయింది. జనం విసుక్కోకుండా అదే ప్రార్థన మళ్లీ పాడించారు. జనం మళ్లీ లేచి నిలబడ్డారు. మూడోసారి కూడా.

పట్టుపరికిణీ పోయి ఓణీ వచ్చింది, ఓణీ పోయి చీర వచ్చింది. మైకు కర్ర ఎత్తు పెరిగింది. పాట మాత్రం పెరగలేదు. డిగ్రీ రెండో ఏట ఒకసారి, ఇక వెళ్లనని మొండికేశాను. నాన్న కోప్పడలేదు. చెప్పుల స్టాండు దగ్గర నిలబడి, “రేపు పొద్దున కొట్లో ఆయన మొహం చూడాల్సింది నేను కదమ్మా” అన్నాడు. నేను లోపలికి వెళ్లి చీర కట్టుకుని వచ్చాను. ఆ రోజు నాకు నాన్న మీద జాలేసింది, అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

నాకు సంగీతం చెప్పిన టీచరుగారు సత్యనారాయణపురంలో రెండు గదుల ఇంట్లో ఒంటరిగా ఉండేవారు. ఆవిడకి నా ప్రార్థనలంటే ఒళ్లుమంట. “చరణం పాడకుండా లేవడమేంటే? పెరుగన్నం తినకుండా విస్తరి ముందునుంచి లేచినట్టు” అనేవారు. ఒకసారి కూర్చోబెట్టి నాతో నాలుగు కీర్తనలు వరసగా పాడించుకుని, శ్రుతిపెట్టె మూశారు. తర్వాత, “నీది మూడు నిమిషాల గొంతు కాదు” అన్నారు. ఆ మాట పట్టుకుని నేను ఏళ్లు గడిపాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కూర్చుని కచేరీ చెయ్యాలి. జనం కూడా కూర్చుని వినాలి. నేను కోరుకున్నది అంతే.

రెండువేల సంవత్సరం దాటాక, నేను ఒక స్కూల్లో టీచరుగా చేరాక, ఆవిడే కార్యదర్శిగారి దగ్గరికి వెళ్లి అడిగారు. సమితి సంగీతోత్సవాల్లో ఓ సాయంత్రం మొదటి ముప్పావుగంట కొత్తవాళ్లకిస్తారు, అది నాకిమ్మని. ఆయన పెద్ద మనసుతో ఒప్పుకున్నారు. “మన అమ్మాయే కదండీ. పైగా తనే మొదలెడితే వేరే ప్రార్థన కూడా అక్కర్లేదు” అన్నారు. ఆ మాటకి మేమిద్దరం నవ్వుకున్నాం కూడా.

ఆర్నెల్లు సాధన చేశాను. స్కూలు వదలగానే సిటీ బస్సెక్కి టీచరుగారింటికి వెళ్లేదాన్ని. మొదట పాడాల్సింది గణపతి మీద చిన్న కీర్తన. తర్వాత పెద్దది, ఆలాపనతో, స్వరకల్పనతో. ఆ పెద్దదాని చరణం దగ్గర ఆవిడ ప్రతిసారీ కళ్లు మూసుకునేవారు.

ఆ సాయంత్రం హాలు నిండింది. నా ఎడమపక్క వయొలిన్, కుడిపక్క మృదంగం. జీవితంలో మొదటిసారి స్టేజీ మీద నా కింద జంఖానా ఉంది. శ్రుతి సరిచూసుకుని గణపతి కీర్తన ఎత్తుకున్నాను.

పల్లవి మొదటి మాట అవగానే కుర్చీల చప్పుడు. ముందు వరుసలో పెద్దాయన ఒకరు లేచి నిలబడ్డారు. ఆయన్ని చూసి ఆ వరుస, దాన్ని చూసి హాలంతా. నాన్న తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాళ్లని ఏమని అనను? ఇన్నేళ్లుగా నేను నోరు విప్పితే వాళ్లు లేస్తున్నారు.

కాసేపటికి కూర్చుంటార్లే అనుకున్నాను. ఎవరూ కూర్చోలేదు. ప్రార్థన అయ్యేదాకా కూర్చోకూడదు మరి. ఒకావిడ నిద్రపోతున్న పిల్లని ఈ భుజం మీదనుంచి ఆ భుజం మీదికి మార్చుకుంది. పెద్దాయన తన కుర్చీ చెయ్యి పట్టుకున్నారు. దయచేసి కూర్చోండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ మైకు ముందు నేను పాడటమే తప్ప ఎప్పుడూ మాట్లాడలేదు. అనుపల్లవి వచ్చింది. కార్యదర్శిగారు ముఖ్య అతిథిని తీసుకొస్తూ గుమ్మంలోనే ఉన్నారు, రెండు చేతుల్లోనూ పూలదండలు. ఆయన వేలు తిప్పలేదు. నన్ను ఎవరూ ఆపమనలేదు.

అనుపల్లవి చివర నా గొంతు దానంతటదే మళ్లీ పల్లవి అందుకుంది. చేతులు దండం పెట్టాయి. చూసుకునేసరికి లేచి నిలబడి ఉన్నాను.

వయొలిన్ ఆయన కమాను గాలిలోనే ఆగింది. మృదంగం ఆయన, “ఏంటమ్మా?” అన్నారు మెల్లిగా. హాలు హాయిగా కూర్చుంది. కార్యదర్శిగారు గబగబా వచ్చి మైకు అందుకుని, ప్రార్థనాగీతం ఆలపించిన చిరంజీవికి ధన్యవాదాలు చెప్పి, ముఖ్య అతిథిని సాదరంగా వేదిక మీదికి ఆహ్వానించారు. పాపం ఆయన కూడా అలవాటులోనే ఉన్నారు. కుర్చీలు వెయ్యడానికి ఎవరో జంఖానా అంచు మడతపెట్టారు.

అందరూ కూర్చున్నాక అప్పుడు కనిపించారు, మూడో వరుసలో మా టీచరుగారు. ఆవిడ అసలు లేవలేదని నాకు అర్థమైంది. కచేరీ వినడానికి వచ్చిన మనిషి ఎందుకు లేస్తారు? చూపు నామీదే ఉంది. చెయ్యి తొడమీద తాళం వేస్తోంది, చరణం కోసం.

నేను ఎప్పుడూ దిగే పక్కమెట్ల మీదుగా దిగాను. ఆఖరి మెట్టు మీదనుంచి చూశాను. అతిథి ఉపన్యాసం మొదలైంది. ఆవిడ చెయ్యి ఇంకా తాళం వేస్తూనే ఉంది.