చిన్నబాపు చేతి కెమెరా

మా చిన్నబాపు పోయి ఇరవై రోజులైంది. ఆ రోజు పొద్దున్నే చొప్పదండి నుంచి చిన్నవ్వ ఫోన్ చేసింది. "నీ చిన్నబాపు లేడు బిడ్డా. చాయ్ చేతికిచ్చి లోపటికి వోయి వచ్చేసరికి గోడకు ఒరిగిండు. గిలాస సుత కింద వడలే" అంది. అప్పటినుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే ఎటు పోవాలో తెలియదు. "ఏమైంది నీకు, గిట్ల పరేషాన్ పరేషాన్ తిరుగుతున్నవ్" అని ఇంట్లో మా ఆవిడ అడిగింది. ఆమెకు చెప్పలేకపోయాను. మీకు చెబుతున్నాను.

ఆయన మా బాపుకు తమ్ముడు. మస్కట్‌లో పన్నెండేండ్లు సెంట్రింగ్ పని చేశాడు. తిరిగొచ్చేటప్పుడు అందరూ బంగారమో, రంగు టీవీయో తెచ్చుకుంటే ఈయన అరచేతిలో పట్టే డిజిటల్ వీడియో కెమెరా తెచ్చాడు. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద టేపు దానికి. చిన్నవ్వ నెల రోజులు మొహం ముడుచుకుంది. ఆయన మాత్రం దాన్ని చేతిరుమాలులో చుట్టి, దుమ్ము పడకుండా స్టీలు టిఫిన్ డబ్బాలో దాచేవాడు. ఎవరింటికి పోయినా మంచినీళ్లు ఇవ్వకముందే "ప్లగ్గు ఏడున్నది?" అని అడిగేవాడు.

ఇంటికొక మనిషి గల్ఫులో ఉన్న రోజులవి. పుట్టిన బిడ్డను చూడని తండ్రులు ఎందరో. వాళ్ల కోసం చిన్నబాపు తొట్టెల పండుగ తీసేవాడు, కొత్తగా పోసిన స్లాబు తీసేవాడు, ఈనిన బర్రెను తీసేవాడు. సెలవు మీద వచ్చి తిరిగి పోయేవాళ్ల సంచిలో ఆ టేపు పోయేది. పెండ్లిళ్లకు వచ్చే పెద్ద కెమెరా లైటు పడితే మా ముసలమ్మలు కొంగు సర్దుకుని కట్టెల్లా నిలబడేవారు. ఈ చిన్నదాన్ని ఎవరూ లెక్కచేయరు. మాట్లాడేవాళ్లు మాట్లాడుతూనే ఉంటారు, తిట్టేవాళ్లు తిడుతూనే ఉంటారు. "నవ్వుమని చెప్పద్దు. నవ్వేదాక ఆగాలె" అనేవాడు.

గుణాలు చెప్పి దోషాలు దాస్తే ఆయనే ఒప్పుకోడు. తేలిక కాబట్టి బొమ్మ వణుకుతుంది. సరిగ్గా తలంబ్రాల వేళకు బ్యాటరీ అయిపోతుంది. ఎండలో ఆ చిన్న తెర నల్లగా ఉంటుంది, లోపల ఏం పడుతోందో తెలియదు. తీయడానికీ ఆపడానికీ ఒకటే బటన్. ఒకసారి ఎక్కువ నొక్కామా, తీయాల్సినప్పుడు ఆగుతుంది, ఆపాల్సినప్పుడు నడుస్తుంది. పైగా మైకు పట్టుకున్నవాడి నోటికే దగ్గర. చిన్నబాపుకు ఆయాసం. "నా కొడుకు పెండ్లి క్యాసెట్ల మంత్రాల కంటె నీ దమ్మే ఎక్కువ ఇనవడ్తుంది తమ్మీ" అని మా మేనత్త అందరి ముందే అనేసింది. ఆయన కడుపుబ్బ నవ్వాడు.

ఇక నా సంగతి. చిన్నబాపు తిరిగొచ్చాక నేనూ మస్కట్ పోయాను, బాపు పోయినప్పుడు అక్కడే ఉన్నాను. పాస్‌పోర్టు కంపెనీ చేతిలో ఉంది, రావడం కుదరలేదు. చిన్నబాపుకు ఫోన్ చేసి ఏడ్చాను. "మొఖం సక్కగ తియ్యి చిన్నబాపూ. నిప్పు వెట్టేది తియ్యి. ఒక్కటి సుత ఇడువకు" అన్నాను. "నువ్వు ఫికర్ జెయ్యకు బిడ్డా, అన్ని జూపిస్త" అన్నాడు.

నెలకు టేపు వచ్చింది. రూములో ఒకతని దగ్గర అలాంటి కెమెరానే ఉంటే దాన్ని టీవీకి తగిలించి అందరం కూర్చున్నాం. ఇల్లు కనిపించింది, డప్పు వినిపించింది, పాడె లేచింది. శ్మశానం దాకా వచ్చాక బొమ్మ టక్కున తెగింది. ఆ తర్వాత ఒట్టి మట్టి, ఎవరివో పాదాలు, ఆయాసం. బాపు మొహం లేదు. ఐదు నిమిషాలు చూసి నేనే ఆపేశాను. అప్పటికప్పుడు ఫోన్ చేసి, "గంత మందికి తీసినవు. మా బాపుకు వచ్చేసరికి చాతకాలేదా?" అన్నాను. "తప్పయింది బిడ్డా. ఎండకు కనవడలే. బటన్ తప్పువడ్డది" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి టిఫిన్ డబ్బా మూత తీయలేదని చిన్నవ్వ చెప్పింది. నేను తిరిగొచ్చాక కలిసి తిన్నాం, కలిసి తిరిగాం, ఆ మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

చిన్నబాపుకు ఒక్కతే కూతురు, ఇచ్చోడలో ఉంటుంది. అందుకని ఈసారి నీళ్ల కుండ నా భుజం మీదికి వచ్చింది. చితి చుట్టూ మూడు సుట్లు తిరగాలి. సుట్టుకొకసారి వెనక నుంచి ఎవరో కుండకు తూటు పెడతారు, నీళ్లు కారుతాయి. తల తిప్పలేం, పైకి చూడలేం. నా పాదాలు, తడిసిన మట్టి తప్ప నాకేమీ కనిపించలేదు. రెండో సుట్టులో నా కాళ్లు ఆగిపోయాయి. ఆ టేపులో పాదాలు ఎవరివో అప్పుడు తెలిసింది.

బాపుకు కొరివి పెట్టింది చిన్నబాపే. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. కొడుకు రాకపోతే తమ్ముడే కదా పెట్టేది. తెలిసి కూడా, కుండ మోసే మనిషినే మొహం తియ్యమన్నాను, నిప్పు తియ్యమన్నాను. ఆయన నాకు లేదనలేదు. తర్వాత నేను అన్ని మాటలన్నా "నా చేతులు ఖాళీ లెవ్వు బిడ్డా" అని ఒక్క మాట అనలేదు. సిగ్గుతో నా ఒళ్లు కాలింది, ఇప్పటికీ కాలుతోంది.

టేపు నా సూట్‌కేసు అడుగున దొరికింది. చిన్నవ్వ కెమెరా ఇచ్చింది కానీ దాని బ్యాటరీ ఉబ్బిపోయింది. కరీంనగర్‌లో దుకాణం దుకాణం తిరిగాను. "పెన్‌డ్రైవ్‌ల తేండ్రి అంకుల్, గిదేందో మాకు తెల్వది" అన్నారు. ఒకాయన దాన్ని వెనకాముందూ తిప్పి చూసి నవ్వాడు కూడా. చివరికి మెట్‌పల్లిలో, ఒకప్పుడు పెండ్లి వీడియోలు తీసిన పెద్దమనిషి దగ్గర ఆడించే మిషను ఉందని తెలిసి పోయాను. ఆయన టేపును వెలుతురుకు పెట్టి చూసి, "బూజు వట్టింది. తెగితే నా జిమ్మా కాదు" అన్నాడు. పెట్టమన్నాను.

గీతలు పడ్డాయి, ఆగింది, మళ్లీ నడిచింది. ఇల్లు, డప్పు, పాడె. బొమ్మ తెగింది. తీస్తున్నాననుకుని మొహం ముందు పట్టుకున్నప్పుడు కెమెరా ఆగి ఉంది. ఆపాననుకుని దాని పట్టీతో మణికట్టుకు వేలాడదీసుకున్నప్పుడు అది నడవడం మొదలుపెట్టింది. మట్టి. పాదాలు. కారుతున్న నీళ్లు. ఇదివరకు ఇక్కడే ఆపేశాను. ఈసారి ఆపలేదు. ఆయాసం మధ్యలో, ఎవరికీ వినపడకుండా చిన్నబాపు మాట్లాడుతున్నాడు.

"అన్నా, గీ సుట్టు నేను తిరుగుతలేను. నీ కొడుకు తిరుగుతుండు."

రెండో సుట్టులోనూ అదే మాట. మూడో దాంట్లో ఆయాసం ఎక్కువై నా పేరు ఒక్కటే చెప్పాడు. కుండ పగిలిన చప్పుడైంది. కాసేపు పొగ తప్ప ఏమీ లేదు. తర్వాత ఎవరిదో గొంతు, "ఇగ ఎన్కకు సూడకుంట నడువు" అంది.

నిప్పు పెట్టినవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. చిన్నబాపు చూడలేదు, నడిచాడు. చేతికి వేలాడుతున్న కెమెరాకు ఆ కట్టుబాటు తెలియదు. మా బాపు చితి తెర మీద అడ్డంగా, నిండుగా మండుతూ కనిపించింది. చిన్నబాపు చేయి ఊగినప్పుడల్లా అది ఇటు ఊగి, అటు ఊగి, అడుగు అడుగుకూ చిన్నదవుతూ పోయింది.